నూలు వీరతాడు

(మా తెలుగు మాష్టారి స్మారకార్థం దాచేపల్లిలో చేసిన ప్రసంగం)



కరపత్రంలో మాష్టారి పేరు ఇంటిపేరుతో సహా, పక్కన డిగ్రీలతో సహా అచ్చు వేయించారు. చదివి, ఈయనెవరబ్బా అని ఒక్క క్షణం నేనే తడుముకున్నాను. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. 'మాష్టారింటి సందు' అంటే రిక్షా అబ్బాయికి కూడా తెలిసేది. అందుకని ఈ పూట నేనూ మాష్టారనే అంటాను.

ఏం మాట్లాడతారని నిర్వాహకులు ఫోన్ చేసి అడిగారు. మాటలు ఎట్టా పుడతాయో మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "వ్యాకరణం ఎక్కువ ఉండదు కదండీ?" అన్నారు చివరికి. ఉండదని మాటిచ్చాను. కొంచెం ఉంటుంది. ఆ కొంచెం మాష్టారి వాటా.

నేను ముప్పై ఏళ్లు పత్రికలో సబ్ ఎడిటరుగా చేశాను. రాత్రి పదింటికి ఇంగ్లీషులో ఒక వార్త దిగేది. పదకొండింటికల్లా అది తెలుగై పేజీలో కూర్చోవాలి. మధ్యలో తెలుగులో లేని మాట ఒకటి తగిలిందంటే దాన్ని అప్పటికప్పుడు పుట్టించాలి, లేకపోతే అరువు తెచ్చుకోవాలి. అట్టాంటి రాత్రుళ్లు నేను చదివిన ఎం.ఏ. పెద్దగా అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది ఎనిమిదో తరగతి శనివారం చివరి పీరియడు.

ఆ పీరియడు సంగతి ఈ సభలో సగంమందికి తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతాను. శనివారం చివరి గంటలో మాష్టారు పుస్తకాలు ముయ్యమనేవారు. ప్రతివాడూ లేచి ఒక కొత్త మాట చెప్పాలి. అది ఎక్కడా విననిదై ఉండాలి, వినగానే అర్థం కావాలి. షరతులు ఆ రెండే. ఆయనకు నచ్చితే మెడలో వీరతాడు పడేది. అమ్మగారు దేవుడి దగ్గర వత్తులు చేసుకోగా మిగిలిన దూదిని పేని, పసుపు రాసి ఇచ్చిన నూలుతాడు అది. కొట్టంలో పత్తి మండె వేసుకున్న మోతుబరి కొడుక్కి కూడా ఆ మూరెడు నూలు కావాల్సి వచ్చేది. మెడలో వేసుకుని బజారు మీదుగా ఇంటికి పోతుంటే కొట్లవాళ్లు పిలిచి, "ఏం మాట చెప్పావురా?" అని అడిగేవాళ్లు. చెప్పిన మాట అట్టా పొద్దుగూకేలోగా సగం ఊరు తిరిగొచ్చేది.

వీరతాడు మాయాబజార్ నుంచి వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. 1957 మార్చి 27న విడుదలైన సినిమా. దర్శకత్వం కె.వి. రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు. మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో అది ఎన్నోసారి ఆడుతోందో ఎవరూ లెక్కపెట్టేవాళ్లు కాదు. ఎస్వీ రంగారావు గద తిప్పితే నేల జనం ఈలలు వేసేవాళ్లు. మాష్టారు ఈల వేసే చోటు వేరు. తెలుగు పంతులు ఈల వేయడమేమిటని అప్పట్లో కొందరు పెద్దలు నొచ్చుకున్నారు కూడా. ఘటోత్కచుడి దగ్గర చిన్నమయ అనే గురువు రాక్షస శిష్యులకు చదువు చెబుతుంటాడు. శిష్యుడి నోట్లో 'అస్మదీయులు' తిరగక 'అసమదీయులు' అవుతుంది, 'దుష్టచతుష్టయం' కాస్తా 'దుషట చతుషటయం' అవుతుంది. గురువుకు అది తప్పు. ఘటోత్కచుడికి అదే గొప్ప. మాట పుట్టించడం కూడా వీరుడి పనేనని అతగాడు శిష్యుడి మెడలో వీరతాడు వేయిస్తాడు. మాష్టారి ఈల అక్కడ.

సోమవారం క్లాసులో ఆయన దాన్ని విప్పి చూపించారు. రాక్షసుడి నోరు చేసిన పని మన నోళ్లు వెయ్యేళ్లుగా చేస్తున్నదే. రత్నం రతనమైంది ఈ దారినే. యత్నం జతనమైందీ, శ్రీ సిరి అయిందీ ఈ దారినే. రెండు హల్లులు ఇరుకున పడ్డచోట మధ్యలో ఒక అచ్చును దూర్చి ఊపిరి తీసుకుంటాం. వ్యాకరణంలో దీన్ని స్వరభక్తి అన్నారు. పేరు చూస్తే పాటల కచేరీ అనుకుంటారు గానీ, సంగతి ఇంతే.

శిష్యుడు అక్కడితో ఆగలేదు. మనవాళ్లు అసమదీయులైతే అవతలివాళ్లు 'తసమదీయులు' అన్నాడు. సంస్కృతంలో నీది త్వదీయం, మీది యుష్మదీయం, వాళ్లది తదీయం. 'తస్మదీయం' అన్న మాటే లేదు. 'అ' తీసి 'త' పెట్టి, ప్రాస కుదిరింది గనక అర్థం కూడా కుదిరిందన్నాడు వాడు. కుదిరింది మరి! ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పత్రికలో 'అసమదీయులు' అని వేస్తే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడని 'అస్మదీయులు, తస్మదీయులు' అని దిద్ది హెడ్డింగులు పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. మొదటిదాన్ని దిద్దితే సంస్కృతమైంది. రెండోదాన్ని దిద్దితే ఏ భాషా కాలేదు. రాక్షసుడి తప్పుకు ఒక లెక్క ఉంది, మా దిద్దుబాటుకు అదీ లేదు. ఆ హెడ్డింగు చూసి మాష్టారు పోస్టుకార్డు రాశారు. కార్డు మీద ఒకే ఒక్క వాక్యం: తాడు వెనక్కి పంపగలవు.

నన్నడిగితే పింగళి వారి అసలు గడుసుతనం గింబళిలో ఉంది. దాని దగ్గర కాసేపు కూర్చుందాం.

తెలుగువాళ్లం మాటను ఒంటరిగా వదలం. పక్కన ఒక తోడు నిలబెడతాం. మొదటి అక్షరం తీసేసి 'గి' పెట్టాలి, దీర్ఘముంటే 'గీ' పెట్టాలి. పులీ గిలీ, పాలూ గీలూ, కాఫీ గీఫీ. గీఫీ అంటే ఏమిటని పిల్లాడు అడిగితే చెప్పలేం. అయినా "కాఫీ గీఫీ తాగుతారా?" అని అడిగి టీ ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా మాట తప్పినట్టు కాదు. కాఫీ చుట్టుపక్కల ఉన్నదంతా ఆ గీఫీలోకి వస్తుంది. వీటిని ప్రతిధ్వని పదాలంటారు. మాయాబజార్ రావడానికి ఒక్క ఏడాది ముందు, 1956లో, ఎమెనో అనే పండితుడు భారతదేశపు భాషలు వేరు వేరు కుటుంబాలవైనా పక్కపక్కన బతికి ఒకదాని గుణం ఒకటి పట్టుకున్నాయని ఒక పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఈ జంటమాటల ప్రస్తావన కూడా ఉంది. ఆయన అమెరికాలో కూర్చుని దాన్ని తూకం వేస్తున్నప్పుడే, మద్రాసులో పింగళి వారు దాంతో ఆడుకుంటున్నారు.

ఆయన చేసిందేమిటంటే, జంటలో రెండోదాన్ని, అంటే సొంత అర్థం లేని ఆ నీడను, పట్టుకొచ్చి దానికి ఒళ్లు తొడిగారు. కంబళీ గింబళీ అంటే కంబళి లాంటివని అందరికీ తెలుసు. ఆ గింబళి విడిగా ఒక వస్తువైతే ఎట్టా ఉంటుంది? తల్పం మీద పడుకుంటే నిద్ర వస్తుంది, గిల్పం మీద పడుకుంటే ఏమొస్తుంది? శర్మ, శాస్త్రి పడ్డ పాట్లు మీరంతా చూశారు. నీడ లేచి తన్నింది. మన వ్యాకరణంలో ఎప్పుడూ ఖాళీగా పడి ఉన్న గది ఒకటుంటే, తలుపు తీసి అందులో మంచం వేసిన మనిషి ఆయన. 1901లో పుట్టి 1971లో పోయారు. గింబళి మాత్రం ఇంకా పరిచే ఉంది.

ఆ పాఠం చివర మాష్టారు ఒక చిక్కు వేశారు. ఏ మాటకైనా 'గి' పెడతాం సరే, 'గి'తో మొదలయ్యే మాటకు ఏం పెడతాం? గిన్నెకు తోడెవరు? క్లాసంతా గిన్నే గిన్నే అని గోల చేసి నవ్వాం. ఆఖరి బెంచీలో ఒకడు లేచి, "మా ఇంట్లో గిన్నెలూ గట్రా అంటారు సార్" అన్నాడు. మాట పాతదే గనక తాడు రాలేదు, దారి చూపించినందుకు సగం తాడు వచ్చింది. మాష్టారు జేబులోంచి బ్లేడు తీసి నిజంగానే సగం కోసి ఇచ్చారు.

పిల్లల నోటి నుంచి వచ్చే మాటల్ని ఆయన చాలా గట్టిగా నమ్మేవారు. మనం చిన్నప్పుడు పెద్దవాళ్లకు తెలియకుండా 'క' భాష మాట్లాడుకోలేదూ? "నువ్వు రా" అనడానికి "కను కవ్వు కరా" అని, ప్రతి అక్షరం ముందూ ఒక కాపలావాణ్ణి నిలబెట్టేవాళ్లం. పిల్లల ఆట దేశాలు దాటి ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. అమెరికాలో కాస్నర్ అనే లెక్కల ప్రొఫెసరు, ఒకటి పక్కన వంద సున్నాలు పెడితే వచ్చే అంకెకు ఏం పేరు పెడదామని తొమ్మిదేళ్ల మేనల్లుణ్ణి అడిగాడు. వాడు నోటికొచ్చింది "గూగోల్" అన్నాడు. కొన్ని దశాబ్దాల తర్వాత ఆ మాటను కొంచెం వంకరగా రాసి ఒక కంపెనీకి పెట్టుకున్నారు. 1998లో మొదలైన ఆ గూగుల్ ఇవాళ మీ అందరి జేబుల్లో ఉంది. ఎనభై ఏళ్ల మా పెద్దమ్మ కూడా "గూగులమ్మను అడుగు" అంటుంది. దానికి 'అమ్మ' చేర్చి పోలేరమ్మ పక్కన కూర్చోబెట్టింది మన పనే.

ఆటలో పుట్టిన ప్రతి మాటా నవ్వుతూనే ఉండదు. 'రోబో' సంగతి చూడండి. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో రాసిన నాటకంలోది ఆ మాట. సూచించింది తన అన్న జోసెఫ్ అని ఆయనే చెప్పాడు. వాళ్ల భాషలో 'రొబోట' అంటే జమీందారుకు కూలి లేకుండా చేసే చాకిరీ. మన భాషలో చెప్పాలంటే వెట్టి. రజనీకాంత్ సినిమాకు టికెట్లు కొనుక్కుని మనం చూసొచ్చింది 'వెట్టివాడు' అనే సినిమా అన్నమాట.

ఇక మన కల్లాల దగ్గరికి వద్దాం.

శ్రీనాథుడు పల్నాడు వచ్చి ఇక్కడి తిండిని, నాపరాళ్లను, మన ఊరి పక్కన పారే నాగులేటి నీళ్లను వెక్కిరించాడని ఆయన పేరు మీద చాటువులు చెప్పుకుంటాం. అందులో మిరపకాయ ఊసు ఉండదు. ఉండే వీల్లేదు. ఆయన పోయిన యాభై ఏళ్లకు గానీ కొలంబస్ ఓడ ఎక్కలేదు. ఆ తర్వాత ఎప్పటికో పోర్చుగీసువాళ్లు ఆ కాయను మన రేవుల్లో దించారు. శ్రీనాథుడు తిన్న కారమంతా మిరియాల కారం. కొత్త కాయ వచ్చినప్పుడు మనవాళ్లు కొత్త మాట కోసం దేవులాడలేదు. నోరు మండింది, మిరియం లాగా మండింది, చూస్తే కాయ. మిరియపుకాయ అన్నారు. వాడగా వాడగా అది అరిగి మిరపకాయ అయిందని చెబుతారు. తమిళులు మిళగాయ్ అన్నదీ అదే తోవలో. ఇప్పుడు గుంటూరు పేరు చెబితే ప్రపంచానికి గుర్తొచ్చే సరుకు పేరు అరువు పేరన్నమాట. అరువిచ్చిన మిరియాన్ని మనం దగ్గు కషాయానికీ, పొంగలికీ సర్దేశాం.

బంగాళాదుంపదీ ఇదే కథ. అది బంగాళం మీదుగా వచ్చిందని కోస్తావాళ్లు ఊరి పేరు తగిలించారు. తెలంగాణవాళ్లు ఆలుగడ్డ అన్నారు, రాయలసీమలో ఉర్లగడ్డ అయింది. దుంప ఒకటే, బారసాలలు మూడు. ఓడ మీద వచ్చిన ప్రతిదానికీ 'సీమ' అని ముద్ర కొట్టిన కాలం ఒకటుంది: సీమచింత, సీమసున్నం. సున్నం బట్టీల మధ్య పెరిగిన మా పిల్లలకు సుద్దముక్కను సీమసున్నం అంటే ఎందుకో నవ్వొచ్చేది. ఇంత సున్నం ఇక్కడ కాలుతుంటే సీమ నుంచి తెప్పించుకోవడమేమిటని.

కల్లంలో, మిర్చి యార్డులో పుట్టిన మాటల ముందు మా పత్రికల మాటలు దిగదుడుపే. ఒకటి చెబుతాను. మిరపకాయలు చెడకుండా దాచే కోల్డ్ స్టోరేజీని మేం ఎంతో కష్టపడి 'శీతల గిడ్డంగి' అని రాసేవాళ్లం. మాట బాగుంది, అర్థం సరిగ్గా ఉంది, వ్యాకరణం కూడా ఉంది. రైతు ఏమంటాడు? "కాయలు ఏసీలో పెట్టాం" అంటాడు. ధరలో కూడా ఏసీ కాయలకు ఒక రేటు, కొత్త కాయలకు ఒక రేటు. తన ఇంట్లో ఫ్యాను రెక్క తిరగకపోయినా కాయల్ని ఏసీలో పడుకోబెట్టిన రైతు ఆ మాట అంటున్నప్పుడు, అందులో కాస్త ఎకసెక్కం ఉంటుంది, కాస్త మురిపెం ఉంటుంది. శీతల గిడ్డంగిలో ఆ రెండూ లేవు.

యార్డులో మచ్చు అంటే నమూనాకని బస్తాలోంచి తీసే దోసెడు కాయలు. "మచ్చుకైనా లేదు" అని కవిత్వంలో రాసేటప్పుడు మనకు ఆ దోసెడు గుర్తురాదు. తాలు అంటే రంగు పోయిన కాయ, వడ్లలో అయితే గింజ పట్టని పొల్లు. అక్కణ్ణుంచి 'తాలు మాటలు' అన్నాం. పట్టా అంటే పొలానికి కాగితం, వాన వస్తే కల్లం మీద కప్పేదీ పట్టానే. రెండూ రైతును కాపాడతాయనే అంటారు. రెంటికీ చిల్లులు పడతాయి.

'మందు' దగ్గర మాత్రం నేను నవ్వలేను. జ్వరానికి వేసుకునేది మందు. చేలో కొట్టేది మందు. సాయంత్రం రోడ్డు పక్కన కొట్టేదీ మందే. ఇంతవరకూ అందరూ జోకులేసుకుంటారు. "మందు తాగాడంట" అన్న మాట ఈ పత్తి చేల మధ్య వినబడితే, అది ఏ మందో చెప్పక్కర్లేకుండా ఆడవాళ్లు వీధిలోకి పరుగెత్తిన సంవత్సరాలు ఇక్కడ చాలామందికి గుర్తే. ఒకే మాట నాలుగు పనులు చేసింది. నాలుగోది మనం అడగలేదు.

మన నుంచి పరదేశం వెళ్లిన మాట కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే అప్పులవాళ్లలాగా కనిపిస్తాం. పందికొక్కు. గట్లు తవ్వి, గాదెలు ఖాళీ చేసి, మన తాతల్ని కర్రలు పట్టుకుని రాత్రుళ్లు తిప్పిన జీవి. పందిలాంటి ఎలుక అని మనవాళ్లు పెట్టిన పేరు. 18వ శతాబ్దంలో ఇంగ్లీషువాళ్ల చెవిన పడి, వాళ్ల నోట్లో 'బ్యాండికూట్' అయింది. తర్వాత వాళ్లు ఆస్ట్రేలియా పోయి అక్కడ ఒక సంచి జంతువును చూసి, దీనికీ దానికీ చుట్టరికం లేకపోయినా, ఆ పేరే తగిలించారు. 1996లో 'క్రాష్ బ్యాండికూట్' అని వీడియో గేమ్ వచ్చింది. మా మనవడు అది ఆడుతుంటే, "ఒరేయ్, అది మన పందికొక్కురా" అన్నాను. వాడు నమ్మలేదు. వాడికి పందికొక్కు అంటేనే తెలియదు.

ఇట్టాంటి కథలతో పాటు ఒక జాగ్రత్త కూడా మాష్టారే నేర్పారు. మాటల పుట్టుక చెప్పే కథల్లో తాలు ఎక్కువ. దాచేపల్లి అంటే ఎవరో ఏదో దాచిన పల్లె అని మేం చిన్నప్పుడు నాగులేటి ఒడ్డున గుంటలు తవ్వాం. ఏమీ దొరకలేదు, దెబ్బలు దొరికాయి. పల్నాడును పల్లెనాడు అనేవాళ్లున్నారు, పల్లవనాడు అనేవాళ్లున్నారు. "కథ బాగుంటే చెప్పుకో, నిజమని మాత్రం సంతకం పెట్టకు" అనేవారు మాష్టారు.

డెస్కు మీద నేను చూసిందొకటే. పుట్టించినవాడి పేరు మాటకు అంటుకుని ఉండదు. నోటికి నచ్చితేనే అది బతుకుతుంది. 'చరవాణి' అని మొబైలుకు చక్కని మాట కట్టారు. పేపర్లో రాస్తాం. "నా చరవాణిలో ఛార్జింగ్ అయిపోయింది" అన్న మనిషిని ఇంతవరకూ చూశారా? అంతర్జాలమూ అంతే, అచ్చులో జాలం, నోట్లో నెట్టు. 'వాయుగుండం' చూడండి. సుడిగుండం అప్పటికే మన నోట ఉంది. నీళ్లలో తిరిగేది సుడిగుండమైతే గాలిలో తిరిగేది వాయుగుండం. ఎవరూ వివరించక్కర్లేదు. కల్లంలో కాయ పరిచి ఉన్నప్పుడు రేడియోలో ఆ మాట వినబడితే పట్టాలు మోసుకుంటూ పరుగెత్తని రైతు లేడు. అవసరం ఉన్నచోట పడ్డ మాట గనక నాటుకుంది. 'కిరణజన్య సంయోగక్రియ' మీద నాకు కోపం లేదు. అది బడిలో పుట్టి బడిలోనే ఉంది. మా క్లాసులో దాన్ని రైలు చప్పుడులా అంటూ నడికుడి దాకా నడిచేవాళ్లం, ఆ మేరకు దాని రుణం తీర్చుకున్నాం. వేటపాలెంలో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ గారు మా తరం విలేకరులకు భాష నేర్పిన గురువు. ఆయన పుస్తకాలు చదివి మేం కత్తిరించడం నేర్చుకున్నాం. పుట్టించడం మాత్రం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి.

కవులు, సినిమావాళ్లు ఈ పని హాయిగా చేశారు. శ్రీశ్రీ ఇంగ్లీషు లిమరిక్కును వేదంలోని ఋక్కుతో ముడేసి 'లిమఋక్కు' అన్నాడు. సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమఋక్కులు మూడూ కలిపి పుస్తకమేస్తే దాని పేరు 'సిప్రాలి'. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి తన పేరునే మడిచి 'జరుక్‌శాస్త్రి' అయ్యాడు. ముళ్లపూడి వెంకటరమణ బుడుగు లోకంలో శ్రీ జ్ఞానప్రసూనాంబ 'సీగానపెసూనాంబ' అయింది. ఇక్కడ అచ్చును దూర్చలేదు, ఇరుకున పడ్డ హల్లునే వదిలేశారు. ఈసారి రాక్షసుడి బదులు పాలపళ్ల పిల్లాడు. 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' తీశాడు. కమ్మరి కొలిమిలో ఉండాల్సిన సుత్తి మన తలల మీదికి వచ్చింది. విసిగించే మాటకు అంతకన్నా మంచి పేరు లేదు. అందులో నటించిన వీరభద్రరావుకూ, వేలుకూ అదే ఇంటిపేరయింది. నేనిప్పుడు చేస్తున్నది కూడా అదేనని ముందు వరుసలో ఒకరిద్దరి ముఖాలు చెబుతున్నాయి. ఇంకెంతోసేపు లేదు.

ఒక పని మీకు అప్పజెప్పి పోదామని వచ్చాను. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు రాష్ట్రమంతటా ఊళ్లకు మనుషుల్ని పంపి, నాగలికి ఏమంటారు, కాడికి ఏమంటారు, గొర్రులో ఏ ముక్క పేరేమిటి అని రైతుల్ని అడిగించి 'మాండలిక వృత్తిపదకోశం' కూర్చారు. వ్యవసాయం మీద మొదటి సంపుటం 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసింది. చదువుకోని రైతు నోటి మాటకు నిఘంటువులో కుర్చీ వేసిన పుస్తకం అది. అందులో ఏసీ కాయ లేదు. నల్లతామర లేదు. 2021లో మిరప తోటల్ని తుడిచిపెట్టిన ఆ పురుగుకు శాస్త్రవేత్తలు లాటిన్ పేరు చెప్పేలోగా రైతులు పేరు పెట్టేశారు. పంపు వీపున మోసే కాలం పోయి డ్రోన్ వచ్చింది. "డ్రోన్ కొట్టించాం" అంటున్నారు. కొట్టేది మందు, కొట్టించుకునేది చేను, వాక్యంలో దెబ్బలు తినేది డ్రోను! ఇంత మంచి తప్పును ఎవరూ రాసుకోవడం లేదు. మన గ్రంథాలయం బల్ల మీద ఇవాళ ఒక రూళ్ల నోటుపుస్తకం పెట్టాను. తాడు కట్టి పెన్ను కూడా పెట్టాను. కల్లంలో, జిన్నింగు మిల్లులో, యార్డులో వినబడ్డ మాట వినబడ్డట్టే రాయండి. దిద్దకండి. దిద్దినవాడి గతి ఏమిటో ఇందాక చెప్పాను.

చివరికి, నా వీరతాడు సంగతి. నాకు వచ్చింది ఒకటే.

మా అమ్మ సీజన్లో కూలికి పోయి తాలు ఏరేది. సాయంత్రానికి చేతులు నిప్పుకణికలు. మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. ముఖం మీద పడ్డ జుట్టును మోచేత్తో తోసుకునేది. ఆ రెండు నెలలూ నాకు ముద్దలు కలిపి పెట్టింది మా నాయనమ్మ. అమ్మ చేత్తో తినాలని ఏడిస్తే, "కళ్లల్లో పడితే గుడ్డివాడివవుతావురా" అని దూరంగా కూర్చోబెట్టేది అమ్మ. ఆ మంటకు మా ఇంట్లో పేరు లేదు. "మళ్లీ వచ్చింది" అనేవాళ్లం.

ఆ శనివారం నేను లేచి "చేమంట" అన్నాను. చేబదులు, చేసంచి ఉన్నాయి కదా, అదే వరసలో. చేమంతి పువ్వు కూడా ఎక్కడో మనసులో ఉండే ఉంటుంది. క్లాసు నవ్వలేదు. అందులో సగంమంది అమ్మలు ఆ కల్లాల్లోనే ఉన్నారు. మాష్టారు కుర్చీలోంచి లేచి వచ్చి తాడు వేశారు. "ఇది మీ ఇంటి మాట. మీ గడప దాటి ఇంకొకరి ఇంట్లో వినబడిన రోజు వచ్చి చెప్పు. రెండోది వేస్తాను" అన్నారు.

మా అమ్మ పోయేదాకా ఆ మాటే వాడింది. మా చెల్లెలు హైదరాబాదులో పచ్చిమిరపకాయలు తరిగినా ఫోన్లో "చేమంటగా ఉందిరా అన్నయ్యా" అంటుంది. గడప మాత్రం దాటలేదు. ముప్పై ఏళ్లు పత్రికలో ఉండి కూడా దాన్ని అచ్చులోకి ఎక్కించలేదు. అమ్మ చేతుల్ని అమ్ముకున్నట్టు ఉంటుందనిపించింది. మాష్టారు వెళ్లిపోయారు. రెండో తాడు బాకీ అట్టాగే ఉంది.

ఇది ఫిబ్రవరి, కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. ఈ రాత్రి మీ ఇళ్లల్లో ఎవరి చేతులైనా మండుతుంటే, ఒక్కసారి ఆ మాట అని చూడండి.